దాచిన మాత్ర

శిరీన్ సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టిన అట్టలో మాత్ర చెక్కుచెదరకుండా ఉంది. శ్రీవాసవి దాన్ని కిటికీ వెలుతురుకేసి ఎత్తి చూసింది. వెనకాల రేకు మీద గోటి గీత కూడా పడలేదు.

కర్నూల్లో డాక్టరు రాఘవేంద్రప్రసాద్ గారి నరాల ఆసుపత్రిలో, ఎక్స్‌రే గది పక్కన, ఒకప్పుడు పాత ఫైళ్లు పడేసిన చిన్న గది ఆమెది. రెండువేల ఏడో సంవత్సరం ఆగస్టు నెల. పన్నెండు నుంచి పదిహేడేళ్ల పిల్లలకు వచ్చే పార్శ్వపు తలనొప్పికి ఒక మందు పనిచేస్తుందో లేదో చూడమని ఏదో దేశపు కంపెనీ హైదరాబాదు వాళ్లకు అప్పగిస్తే, వాళ్లు ఊరూరా ఆసుపత్రులను వెతికి పట్టుకున్నారు. ఇక్కడ పిల్లల్ని చేర్చి, కాగితాలు రాసే పని శ్రీవాసవిది. పద్ధతి వినడానికి సులువే. పిల్లకు ఒక్క మాత్ర ఇస్తారు. తలనొప్పి మొదలైన అరగంటలోపల వేసుకోవాలి. అరగంటకు, గంటకు, రెండు గంటలకు నొప్పి ఎట్లా ఉందో ఒక చిన్న పుస్తకంలో ముఖాల బొమ్మల మీద గుర్తు పెట్టాలి. నవ్వే ముఖంతో మొదలై ఏడ్చే ముఖం దాకా ఐదు బొమ్మలు. కొందరు పిల్లలకు అసలు మందు పడుతుంది, కొందరికి అచ్చం అట్లాగే ఉండే ఉత్తి పిండి మాత్ర. ఎవరికి ఏది వచ్చిందో పిల్లకూ తెలియదు, డాక్టరుకూ తెలియదు, శ్రీవాసవికీ తెలియదు. తెలియకపోవడమే ఈ పనికి ప్రాణమని శిక్షణలో గట్టిగా చెప్పారు.

"ఆరు వారాలైంది కదమ్మా. ఒక్కసారి గూడా తలనొప్పి రాలేదా?" అని అడిగింది శ్రీవాసవి.

శిరీన్ తన తల్లి ముఖంలోకి చూసింది. పదమూడేళ్ల పిల్ల, తొమ్మిదో తరగతి, కళ్ల కింద నల్లగా ఉంది. తల్లి జులేఖా బీ చీరలకు ఫాల్స్ కుడుతుంది. కూర్చున్నా చేతివేళ్లు ఊరుకోవు, కొంగు అంచును మడుస్తూనే ఉన్నాయి.

"వచ్చినాది మేడం. తొమ్మిదిసార్లు," అంది జులేఖా బీ. "పాప లెక్క పెట్టుకునింది. ఆఖరి పేజీలో సూడండి."

పుస్తకం ఆఖరి పేజీలో పెన్సిలుతో తొమ్మిది నిలువు గీతలున్నాయి. గీత గీతకూ పక్కన తారీఖు. ముఖాల పేజీలు మాత్రం తెల్లగా ఉన్నాయి.

"మరి మాత్ర వేసుకోలేదేం?"

"ఒక్కటే గదా మేడం ఇచ్చినారు. ఫారిన్ గోలీ. ఉత్త దినాల్లో వేసేస్తే క్వార్టర్లీ పరీక్షలప్పుడు ఏమి చేసేది? అందుకే దాచినా. పాప గూడా అదే అనింది."

మంచి వస్తువు చేతికొస్తే ముందు దాచడం, ఆ తర్వాత దానికి తగిన అవసరం వెతకడం, ఇది జులేఖా బీ ఒక్కతె అలవాటు కాదు. శ్రీవాసవి వాళ్లమ్మ పెళ్లికి పెట్టిన వెండి గ్లాసులు పాతికేళ్లుగా బీరువాలోనే ఉన్నాయి, పెద్ద చుట్టాలెవరో వస్తారని. ఆ చుట్టాలు ఎంత పెద్దవాళ్లయి ఉండాలో ఇంతవరకూ తేలలేదు. ఈ ఊళ్లో ఏ ఇంట్లో చూసినా అంతే. ఒక్క మాత్ర ఇచ్చి, వచ్చిన మొదటి నొప్పికే వాడేయమంటే, అది ఎవరికి ఎక్కుతుంది? ఆ మాట శ్రీవాసవికి ముందే తట్టవలసింది.

ముందుగా ఆమెకు వచ్చింది జాలి కాదు, విసుగు. ఎనిమిది వారాల్లో మాత్ర వేసుకోకపోతే ఈ పిల్ల లెక్కలోంచి పోతుంది. ఇంకా రెండు వారాలే ఉన్నాయి. శనివారం హైదరాబాదు నుంచి కాగితాలు తనిఖీ చేయడానికి సుదర్శన్ వస్తాడు. "ఈసారి నొప్పి రాగానే వేసుకో. చిన్నదా పెద్దదా అని చూడొద్దు. తెలిసిందా?" అంది కాస్త కసురుతున్నట్టే.

"తెలిసింది మేడం," అంది శిరీన్.

ఫారంలో ఇంకో గడి నింపాలి. "ఆ తొమ్మిదిసార్లూ ఇంకేం మందులు వేశారు?"

"ఏమీ లేదు మేడం."

"ఏమీ అంటే? మామూలుగా మీరు వేసే మాత్ర ఉంటాది గదా?"

"మీరే చెప్పినారు గదా మేడం," అంది జులేఖా బీ. ఆమె గొంతులో గర్వం లాంటిది ఉంది. "వేరే గోలీ ఏదీ వేయొద్దు, వేస్తే అంతా చెడిపోతాదని. ఇంట్లో ఉండేవన్నీ డబ్బాలో పెట్టి అటక మీదికి ఎత్తేసినా. ఒక్కటి గూడా వేయలేదు."

శ్రీవాసవి చేతిలో పెన్ను ఆగిపోయింది.

తల్లిదండ్రులకు చదివి వినిపించాల్సిన కాగితంలో ఉన్నది వేరు. ఈ మాత్ర వేసుకోవడానికి ముందు ఒక రోజు, వేసుకున్న తర్వాత రెండు గంటలు ఇంకో మందు వద్దు. అంతే. ఇది వేసుకోని రోజున నొప్పి వస్తే మామూలు మాత్ర నిరభ్యంతరంగా వేసుకోవచ్చు. అదంతా తొమ్మిదో పేజీలో ఉంది. శిరీన్‌ను చేర్చిన రోజు బయట నలభైమంది కూర్చున్నారు, నెలాఖరుకు ఇంకో ముగ్గురు పిల్లల్ని చేర్చాలని డాక్టరుగారు లోపలినుంచి కేకేస్తున్నారు, ఆమె పద్నాలుగు పేజీల కాగితంలో ఒక పేజీ చదివి, మిగతాదంతా ఒక్క వాక్యంలో తేల్చేసింది. 'వేరే మాత్ర ఏదీ వేయొద్దమ్మా, ఫలితం చెడిపోతుంది.' ఆ వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఆమెకు గుర్తుంది. జులేఖా బీకి కూడా గుర్తుంది. తలనొప్పి వచ్చిన తొమ్మిది రోజులూ ఆ పిల్లకూ గుర్తుంది.

అప్పుడే చెప్పి ఉండవచ్చు. అమ్మా, అది నేను తప్పు చెప్పాను, ఇవాళ్టినుంచి వేయండి అని. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆమె నోట వచ్చిన మాట "మంచిది" అని. చెప్పినమాట విన్నందుకు మంచిది అన్నట్టు! జులేఖా బీ నవ్వి, బిడ్డ భుజం మీద చెయ్యి వేసి తీసుకుపోయింది. శ్రీవాసవికి తల కొట్టేసినట్టయింది.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళ డాక్టరుగారికి చెప్పింది. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ విన్నాడు. రాఘవేంద్రప్రసాద్ చెడ్డవాడు కాదు. కోసిగి నుంచి, ఆదోని నుంచి పనికి వలసపోయే కూలీలు వస్తే ఫీజు అడగడు. అందుకే ఆయన చెప్పిన మాట కాదనడం ఇంకా కష్టమైంది.

"పాప తల్లికి అర్థం కాలేదని ఒక నోటు రాయి. ఆమెతో సంతకం చేయించు. అంతే," అన్నాడు.

"సార్, ఆమెకు బాగానే అర్థమైంది. నేను చెప్పిందే తప్పు."

"ఎవరు విన్నారమ్మా? నీ తప్పని రాస్తే శనివారం సాయంత్రానికి నీ ఉద్యోగం పోతాది, ఈడ మన పని గూడా మూసేస్తారు. ఆమెకు అర్థం కాలేదని రాస్తే ఎవరికేం పోతాది? రేపట్నుంచి ఆ పిల్లకు సరిగ్గా చెప్పు, సరిపోయె."

ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అంటారే, అట్లా ఉంది వ్యవహారం. అయినా శ్రీవాసవి గదిలోకి వచ్చి కాగితం తీసి ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. 'నాకు సూచనలన్నీ వివరంగా చెప్పారు. నేను సరిగా అర్థం చేసుకోక మా అమ్మాయికి ఇతర మందులు ఇవ్వలేదు.' కింద జులేఖా బీ పేరు, సంతకానికి చోటు. రాసింది మళ్లీ చదువుకుంటే ఎవరో చూస్తున్నట్టనిపించి తలుపు వైపు చూసింది. ఎవరూ లేరు. తేలు కుట్టిన దొంగలాగా ఆ సాయంత్రం ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా అన్నం తినేసి పడుకుంది.

శుక్రవారం మూడు గంటలకు ఆటో దిగి, వన్‌టౌన్ సందుల్లో అడుగుతూ అడుగుతూ వాళ్ల ఇల్లు పట్టుకుంది. ముందు గది, వెనక వంటిల్లు, మధ్యలో ముదురు ఆకుపచ్చ పరదా. శిరీన్ తండ్రి ఇమాం బాషా బండల లారీ మీద పోతాడు, వారానికొకసారి వస్తాడు. గడపలో చీరల మూటలు, వాటి మీద దర్జీ షాపు చీటీలు.

"రండి మేడం, రండి. అల్లానే పంపినట్టుండాది మిమ్మల్ని," అంది జులేఖా బీ గొంతు తగ్గించి. "పాప బడినుంచి ఇప్పుడే వచ్చేసింది. తలకాయనొప్పి మొదలైనాది. మీరు చెప్పినట్టు ఆ గోలీ తీస్తాండా."

శ్రీవాసవి గడియారం చూసుకుంది. మూడూ ఇరవై. శిరీన్ చాప మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. తల్లి రేకు చించి మాత్ర అరచేతిలో పెట్టింది. పిల్ల లేచి, కళ్లు మూసుకునే మింగి, మళ్లీ పడుకుంది. ఆరు వారాలు దాచుకున్న మాత్ర ఒక్క గుక్క నీళ్లతో పోయింది.

ఇంక రెండు గంటలు కూర్చోవాలి. సంచిలో ఆ కాగితం ఉంది. సంతకం ఇప్పుడే అడగవచ్చు. తర్వాత అడుగుదాంలే అనుకుని శ్రీవాసవి పీట మీద కూర్చుంది.

జులేఖా బీ చప్పుడు కాకుండా పని మొదలుపెట్టింది. ముందు పైకప్పు రేకుల్లో మేకు సందుల్లోంచి ఎండ పడేచోట ఒక దుప్పటి కట్టింది. పక్కింటివాళ్లకు పోపు ఇప్పుడు వేయొద్దని గోడమీదుగా సైగ చేసి వచ్చింది. ఆ వాసనకు పిల్లకు వాంతి వస్తుందట. తడిగుడ్డ పిండి నుదుటి మీద వేసి, ఒక బేసిన్ తల దగ్గర పెట్టింది. అన్నీ వరసగా, వెతుక్కోకుండా, చేతికి అలవాటైన పనిలాగా చేసింది. కుట్టుమిషను మీద గుడ్డ కప్పేసి, చేత్తోనే ఫాల్ కుట్టడానికి ఒక చీర తీసుకుంది. ఫాల్‌ను అంచు లోపలివైపు పరిచి, గుండుసూదులు పెట్టి, పైకి కనపడనంత సన్నగా కుట్టు వేసుకుంటూ పోయింది.

అరగంటకు శ్రీవాసవి పుస్తకం పట్టుకుని వంగింది. శిరీన్ ఒక కన్ను తెరిచి నాలుగో ముఖం మీద వేలు పెట్టింది.

"ముందు ఇట్ల వచ్చినప్పుడు ఏం చేసేవాళ్లమ్మా?" అని అడిగింది శ్రీవాసవి. అడగకుండా ఉండాల్సింది.

"ఏముంది మేడం, ఇదే. గుడ్డ వేసేది, కాళ్లు పిసికేది. ఏడోసారి వచ్చినాది సూడండి, అది శానా కొట్టింది. గోడకు తలకాయ కొట్టుకునింది పాప. నాకు తట్టుకోను కాలేదు. పీట వేసుకొని అటకెక్కి డబ్బా దించినా. గోలీ తీసి చేతిలో పెట్టుకున్నా." దారం పళ్లతో కొరికింది. "పాపే వద్దనింది. మేడం వద్దన్నారు గదా అమ్మీ, చెడిపోతాది అని. బంగారట్లాంటి పిల్ల మేడం, ఒక మాట చెప్తే దాటదు."

 శ్రీవాసవి చూపు పుస్తకంలోని ముఖాల మీద ఉంది గానీ ఏ ముఖమూ కనపడలేదు. సిగ్గుతో చెవులు కాలుతున్నాయి. ఈ ఇంట్లోంచి లేచి పరిగెత్తాలనిపించింది.

గంటకు మళ్లీ నాలుగో ముఖమే. ఐదూ ఇరవైకి శ్రీవాసవి మూడోసారి వంగింది. ఈసారి శిరీన్ బొమ్మల్ని చూడలేదు, శ్రీవాసవి ముఖం చూసింది. కాసేపు చూసి, రెండో ముఖం మీద, దాదాపు నవ్వే ముఖం మీద వేలు పెట్టింది.

"తగ్గింది మేడం."

ఆ మాట పూర్తికాకముందే లేచి బేసిన్‌లో భళ్లున కక్కుకుంది. తల్లి వీపు రాస్తూ నోరు కడిగించింది. పిల్ల వెనక్కు వాలిపోయింది, కళ్ల కొసలనుంచి నీళ్లు చెవుల్లోకి పోతున్నాయి.

"నిజం చెప్పు శిరీన్. తగ్గిందా?"

పిల్ల తడిగుడ్డను కళ్ల మీదికి లాక్కుంది. "మీరు రెండు గంటలు కూర్చున్నారు గదా మేడం, నా కోసం," అంది. "తగ్గలేదంటే ఏం బాగుంటాది?"

శిరీన్ వేలు ఏడ్చే ముఖం మీదికి జరిగాక, శ్రీవాసవి అక్కడ గుర్తు పెట్టింది. తర్వాత తలెత్తకుండానే అంది. "అమ్మా, ఇంట్లో మాత్ర ఉండాది గదా. తీసుకురా. ఇప్పుడు వేయొచ్చు."

జులేఖా బీ పీట వేసుకుని అటక మీంచి స్టీలు డబ్బా దించింది. జ్వరానికీ ఒళ్లునొప్పులకూ అందరిళ్లలో ఉండే మాత్రే అది, ఇంతకుముందు ఇదే డాక్టరుగారు రాసిచ్చింది. శిరీన్ మింగింది. మాత్ర వల్లనో, కక్కుకోవడం వల్లనో, సగం సగం రెండింటి వల్లనో ఎవరు చెప్పగలరు గానీ, అరగంటకు పిల్ల పిడికిళ్లు విడిపోయాయి. ఇంకాసేపటికి నోరు కొంచెం తెరుచుకుని నిద్రపోయింది.

జులేఖా బీ బిడ్డనే చూస్తూ నిలబడింది. డబ్బా ఇంకా చేతిలోనే ఉంది.

"మేడం, రెండు గంటలు దాటితే ఇది వేయొచ్చునా?"

"వేయొచ్చు."

"ఆ ఫారిన్ గోలీ వేయని దినాల్లో?"

రూలు ఇప్పుడే మార్చారమ్మా అంటే సరిపోతుంది. జులేఖా బీ నమ్ముతుంది. ఆమె నమ్మకం ఎంత గట్టిదో ఆ పుస్తకం ఆఖరి పేజీ చూస్తే చాలు.

"ఆ దినాల్లో గూడా వేయొచ్చు. మొదట్నుంచీ వేయొచ్చు. నేనే తప్పు చెప్పినానమ్మా. కాగితంలో సరిగ్గానే ఉండాది. నేను చదవలేదు మీకు. తొందరలో ఏదో ఒకటి చెప్పేసినాను."

తిట్టు కోసం ఎదురుచూసింది. తిడితే బాగుండు. జులేఖా బీ తిట్టలేదు. కింద కూర్చుని చీర ఒళ్లోకి లాక్కుంది గానీ సూది పట్టుకోలేదు.

"మొన్న వచ్చినాము గదా," అంది చివరికి. "అప్పుడు తెలుసునా నీకు?"

మీరు పోయి నువ్వు వచ్చింది. మేడం కూడా ఎక్కడో రాలిపోయింది. శ్రీవాసవికి అది చెంపదెబ్బ కన్నా గట్టిగా తగిలింది.

"తెలుసు."

"తెలిసి మంచిది అన్నావు."

"అన్నాను."

ఇంక దాచడానికి ఏమీ మిగల్లేదు. శ్రీవాసవి సంచిలోంచి కాగితం తీసి, అందులో ఏముందో చదివి వినిపించింది. దీని మీద మీతో సంతకం చేయించుకుపోదామని వచ్చాను అని కూడా చెప్పింది.  తర్వాత ఆ రెండు వాక్యాలనూ అడ్డంగా కొట్టేసి, కాగితం తిప్పి, వెనక వైపు మోకాలి మీద పెట్టుకుని రాసింది. అక్షరాలు ఈసారి ముత్యాల్లా రాలేదు. 'ఇతర మందులేవీ వాడరాదని ఈ పాప తల్లికి తప్పుగా చెప్పింది నేను. ఆమె నేను చెప్పింది చెప్పినట్టు పాటించింది. ఈ తప్పువల్ల పాప తొమ్మిదిసార్లు మందు లేకుండా నొప్పి పడింది.' కింద తన పేరు పూర్తిగా రాసి, తారీఖు వేసింది.

"సదువు," అంది జులేఖా బీ. ఆమెకు ఉర్దూ తప్ప చదవడం రాదు.

చదివింది.

"దీనికి నీ నౌకరీ పోతాదా?"

"పోతాదేమో. రేపు తెలుస్తాది."

జులేఖా బీ అయ్యో అనలేదు, సంతోషించనూ లేదు. వాకిట్లోకి చూస్తూ ఏదో లెక్క వేసుకుంటున్నట్టు కూర్చుంది. శ్రీవాసవికి ఒక్క క్షణం తేలికైంది. చెప్పేసింది, రాసేసింది, ఇంక పోయేది ఉద్యోగమే కదా. పుస్తకం సంచిలో వేసుకుని లేవబోయింది.

"ఈ గోలీ ఇంకెంతమంది పిల్లలకిచ్చినావు?" అంది జులేఖా బీ.

"పదకొండు మందికి."

"వాళ్ల అమ్మలకు ఏమని చెప్పినావు?"

శ్రీవాసవి లేచినది లేచినట్టే నిలబడిపోయింది. మూడు రోజులుగా ఆమె తన తప్పు గురించీ తన సంతకం గురించీ తన ఉద్యోగం గురించీ తప్ప దేని గురించీ ఆలోచించలేదు. ఆ వాక్యం చిన్నది, నోటికి అలవాటైంది, అందరికీ అదే చెప్పింది. పదకొండు మందిలో ఐదుగురు మాత్ర వేసేసుకుని పుస్తకాలు తెచ్చిచ్చారు. ఇంకా ఆరుగురున్నారు. డోన్‌లో ఒకరు, నంద్యాలలో ఇద్దరు, కోసిగిలో ఒకరు. మిగతా ఇద్దరు ఎక్కడివాళ్లో వెంటనే గుర్తుకు కూడా రాలేదు.

"ఫోన్ చెయ్యి," అంది జులేఖా బీ. "ఈడ్నించే చెయ్యి."

శ్రీవాసవి సెల్‌ఫోన్ తీసి, డైరీలో నంబరు వెతికి, డోన్‌కు కలిపింది. ఒకసారి తప్పు నొక్కింది. రెండోసారి మోగింది. వెంకటేశ్వరమ్మ అని, పద్నాలుగేళ్ల కొడుకు ఉన్నామె. ఎత్తుతూనే ఆమె గొంతు గదంతా వినిపించింది.

"నమస్కారం మేడం! ఆ, పిల్లోడు పండుకోనుండాడు. పొద్దున్నుంచీ ఒకటే తలకాయనొప్పి. మీరిచ్చింది దాచిపెట్టినాం, దసరా అయినాక పెద్ద పరీక్షలుండాయంట. ఎంత ఏడ్చినా వేరేది ఇయ్యలేదు మేడం. మీరు చెప్పినాక ఇస్తామా? ఒక్కటి గూడా ఇయ్యలేదు!"

శ్రీవాసవి నోరు తెరిచింది గానీ మాట రాలేదు.  అవతల వెంకటేశ్వరమ్మ, "మేడం? హలో మేడం, ఇనపడతాండాదా?" అంటూ ఉంది.

జులేఖా బీ ఒళ్లోని చీర పక్కన పెట్టి లేచింది. శ్రీవాసవి చేతిలోంచి ఫోన్ తీసుకుని చెవి దగ్గర పెట్టుకుంది.

"అక్కా, నేను కర్నూలునించి. నా బిడ్డ గూడా ఈ గోలీ పిల్లనే," అంది. "మీ ఇంట్లో మామూలు గోలీ ఉంటే పిల్లోనికి ఇయ్యి. ముందు అది ఇచ్చి రా పో. నేను ఫోన్ పెట్టను, ఈడే ఉంటా."

అవతల పరుగెత్తిన చప్పుడు వినిపించింది. ఇద్దరూ నిలబడి విన్నారు.